పాఠం చెప్పలేం గానీ పక్కన కూర్చోగలం

(తొమ్మిది, పది తరగతుల పిల్లల తల్లిదండ్రులతో యానాంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టుగానే, కొంచెం కుదించి ఇస్తున్నాం.)



పొద్దున్నించీ రొయ్యల షెడ్డులో నిలబడి వచ్చినవాళ్ళున్నారు. తాపీపని దిగి కాళ్ళు కడుక్కుని తిన్నగా ఇక్కడికే వచ్చినవాళ్ళున్నారు. కాబట్టి ఉపన్యాసం దంచను. ఒక్క సంగతి గురించే మాట్లాడతాను. మన పేటల్లో పిల్లలు పది పాసవుతున్నారు. బాగానే ఉంది. పాసైన పిల్లలు ఇంటర్లో, పదకొండో తరగతిలో ఎందుకు కూలబడిపోతున్నారు? దసరా సెలవులకి ఇంటికొచ్చి మళ్ళీ కాలేజీకి పోనంటున్నారే, ఎందుకని? దానికి ఇంటి దగ్గర మనం చెయ్యగలిగింది ఏవన్నా ఉందా?

అడిగితే ఏమంటారో నాకు తెలుసు. "మాకే ఓనమాలు రావు బాబూ, వాడికి లెక్కలు మేం చెబుతామా" అంటారు. ఈ మాట మనది కాదు. మనచేత అనిపించారు. చదువు చెప్పడం, చదువుకి తోడుండటం ఒకటే అనుకోబట్టి ఈ మాట వస్తోంది. ఆ రెండూ వేరు.

బాబాసాహెబ్ సంగతే చూడండి. ఆయన నాన్న రాంజీ సక్పాల్ చదువు రానివాడు కాదు. మిలటరీ బళ్ళో మేష్టరుగా చేసినవాడు. కొడుక్కి చిన్నప్పుడు ఇంగ్లీషు ఆయనే చెప్పుకున్నాడు. కానీ భీమ్‌రావు బొంబాయిలో ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలుకి వచ్చేసరికి వాళ్ళుండేది పరేల్లో ఒక్క గది. వంట అందులోనే, పడక అందులోనే, కట్టెలు, తిరగలి, మేక, అన్నీ అందులోనే. ఆ గదిలో మెట్రిక్ చదవడం ఎలా? రాంజీగారు ఒక ఏర్పాటు చేశారు. పిల్లాణ్ణి పెందరాళే పడుకోమనేవారు. తను రాత్రి రెండింటిదాకా మెలకువగా ఉండి, అప్పుడు కొడుకుని లేపి, తాను నడుం వాల్చేవారు. పిల్లాడు చిమ్నీ లేని దీపం ముందు తెల్లారేదాకా చదువుకునేవాడు. పుస్తకాలు కావాలంటే పెళ్ళయిన కూతుళ్ళ దగ్గర చేబదులు. అదీ లేకపోతే వాళ్ళ నగ తాకట్టు. పింఛను రాగానే విడిపించి ఇచ్చెయ్యడం.

ఆ రాత్రిళ్ళు రాంజీగారు చెప్పింది పాఠం కాదు. ఇచ్చింది నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ ఆ గదిలో ఇంకెవరివీ కావు, ఆ పిల్లాడివి.

ఇంకో ముక్క కూడా చెప్పాలి. 1907లో బాబాసాహెబ్ మెట్రిక్ పాసయ్యారు. ఎన్ని మార్కులో తెలుసా? 750కి 282. ఇవాళ అన్ని మార్కులొస్తే మన పిల్లల్ని ఏ గ్రూపులోనూ చేర్చుకోరు, "ఏదన్నా పనిలో పెట్టెయ్యండి" అంటారు. ఆయన విషయంలో ఆ మాట విని పనిలో పెట్టెయ్యని తండ్రి ఇంట్లో ఉన్నాడు.

బొంబాయి దాకా ఎందుకు, గౌతమి అవతలే ఎదుర్లంక. జి.ఎం.సి. బాలయోగి పుట్టిన ఊరు. 1951లో పుట్టారు. చిన్న చదువుకి కూడా ఊళ్ళో బడి లేదు, పక్క ఊరు పోవాల్సొచ్చింది. అక్కణ్ణించి కాకినాడ, ఆంధ్రా యూనివర్సిటీలో లా, 1998లో లోక్‌సభ స్పీకరు కుర్చీ. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయన. రోజూ మనం దాటే వారధికి ఆయన పేరే పెట్టారు. కానీ మన పేటలో ఒక పిల్లాడు పది నించి పదకొండుకి దాటాలంటే మాత్రం వారధి లేదు. ఈదుకుంటూ పోవాలి.

ఎందుకంత లోతు అక్కడ? చెప్తాను. పదిలో లెక్క వస్తే పుస్తకంలో ఉన్న లెక్కే వస్తుంది, అంకెలు మారతాయంతే. పదకొండులో లెక్క కొత్తది, పద్ధతి మనం వెతకాలి. భౌతికశాస్త్రంలో మొదటి వారంలోనే లెక్కలు దూరతాయి. వేగం, త్వరణం అంటూనే గ్రాఫు గీస్తారు. గ్రాఫు రాని పిల్లాడికి ఆ రోజే సైన్సూ పోయింది, లెక్కలూ పోయాయి. అంతా ఇంగ్లీషు. తెలియనిది అడిగితే వెనక బెంచీ నవ్వుతుంది. ఆ నవ్వులో కులం ఎంత ఉంటుందో అనుభవించినవాడికే తెలుసు. నేను ఇంటర్లో చేరినప్పుడు ఒక మేష్టారు నా పేరు, ఊరు, ఏ పేటో అడిగి, "నువ్వు అడగవులే, కూర్చో" అన్నాడు. నేను ఏదో అడగడానికే లేచాను. ఆ డౌటు నాకు ఇంటర్ అయిపోయేదాకా డౌటుగానే ఉండిపోయింది.

యానాంలో దీనికి తోడు ఇంకోటి కలిసింది. ఇక్కడి బళ్ళలో మొన్నమొన్నటిదాకా ఆంధ్ర సిలబస్ నడిచింది. 2023-24 నించి పుదుచ్చేరి ప్రభుత్వం తన బళ్ళని సీబీఎస్‌ఈలోకి మార్చింది. మంచో చెడో వేరే సంగతి. మనకి తగిలిన దెబ్బేంటంటే, అన్న చదివిన గైడు తమ్ముడికి పనికిరాదు. తాళ్ళరేవులో మేనమామ కొడుకు ఇచ్చిన ఆల్ ఇన్ వన్ పనికిరాదు. బట్టీ కొట్టి రాసే ప్రశ్నలు తగ్గి, చదివి ఆలోచించి రాసేవి పెరిగాయి. ఊళ్ళో ఉన్నవాళ్ళ పిల్లలకి ట్యూషన్ మేష్టరు మారాడు. మన పిల్లలకి ఏమీ మారలేదు, ఉన్న కాస్త ఆధారం పోయింది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. సీబీఎస్‌ఈ 2020 పరీక్షల నించి పదో తరగతి లెక్కల్ని రెండు రకాలు చేసింది. ఒకటి స్టాండర్డు, రెండోది బేసిక్. పుస్తకం ఒకటే, పాఠాలు ఒకటే. చివరి పరీక్ష పేపరు మాత్రం బేసిక్ తేలిక. బేసిక్ రాసి పాసైనవాడికి పదకొండులో అసలు లెక్కల సబ్జెక్టు తీసుకునే హక్కు లేదని నిబంధన. కొన్నేళ్ళు సడలింపు ఇచ్చారు. అదీ, పిల్లాడు నెగ్గుకొస్తాడని హెడ్ మేష్టరుకి నమ్మకం కుదిరితేనే. మన పిల్లాడి మీద ఆయనకి నమ్మకం ఎప్పుడు కుదరాలి?

బడిలో ఏం జరుగుతుందంటే, పరీక్షకి పేర్లు పంపే కాగితంలో ఒక గడి ఉంటుంది. స్టాండర్డా, బేసికా? బడికి పాసు శాతం కావాలి. "వీడికెందుకు రిస్కు, బేసిక్ పెట్టెయ్" అంటారు. పిల్లాడికి దానర్థం తెలీదు, తేలికన్నారు కదా అని సంతోషిస్తాడు. మనకి ఆ కాగితం వచ్చిందనే తెలీదు. ఆ ఒక్క గడితో ఇంజనీరింగు దారి, పాలిటెక్నిక్ తరవాతి దారి, లెక్కల డిగ్రీ దారి ఇరుకైపోతాయి. పిల్లాడికి పదిహేనేళ్ళు కూడా నిండకుండానే. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, వెళ్ళగొట్టలేదు. ఒక గడిలో టిక్కు పెట్టారు, అంతే.

బేసిక్ అందరికీ చెడ్డదని నేననను. నర్సింగుకో, బైపీసీకో, ఆర్ట్సుకో పోవాలని పిల్ల గట్టిగా అనుకుంటే బేసిక్ రాసినా నష్టం లేదు. కానీ అది పిల్ల అనుకోవాలి, మీరు అనుకోవాలి. బడి అనుకోకూడదు. కాబట్టి తొమ్మిదో తరగతి అయిపోయే రోజుల్లోనే బడికెళ్ళండి. "మా వాడికి ఏ లెక్కలు రాస్తున్నారండీ?" అని అడగండి. చదువు రాకపోయినా ఈ ప్రశ్న అడగొచ్చు. నిబంధనలు ఏడాదికోసారి మారుతుంటాయి, అందుకని ఏటా అడగండి.

ఇప్పుడు ఇంటి సంగతికొద్దాం. అన్నిటికంటే ముఖ్యమైంది పది పరీక్షలకీ పదకొండులో చేరడానికీ మధ్యనుండే కాలం. మార్చిలో పరీక్షలైపోతాయి. జూన్ దాకా ఖాళీ. రెండున్నర నెలలు. డబ్బున్నవాళ్ళ పిల్లలు ఏప్రిల్లోనే కాకినాడలోనో రాజమండ్రిలోనో కార్పొరేట్ కాలేజీలో కూర్చుని పదకొండు పాఠాలు మొదలెట్టేస్తారు. మన పిల్లలు? మగపిల్లాడు చెరువుల మీదకి, లేకపోతే పెళ్ళిళ్ళలో క్యాటరింగుకి. ఆడపిల్ల షెడ్డులో రొయ్య తల తియ్యడానికి. జూన్‌లో ఇద్దరూ ఒకే తరగతిలో కూర్చుంటారు. పాఠం మొదటిరోజు ఒకడికి రెండోసారి, ఒకడికి మొదటిసారి. దాన్ని తెలివితేటల తేడా అంటారు!

పనికి పంపొద్దని నేను చెప్పలేను. 2012లో సిరామిక్ ఫ్యాక్టరీ మూతపడ్డప్పణ్ణించి ఎన్నిళ్ళల్లో ఆదాయం తలకిందులైందో నాకు తెలుసు. అమ్మ కువైట్లో ఉంటే అమ్మమ్మ చేతిలో పెరుగుతున్న పిల్లలూ ఇక్కడున్నారు. పంపండి, కానీ పూట పనికి పంపండి. పొద్దున ఆరు నించి పది దాకా పిల్లాడిది. ఆ తరవాతే పని.

ఆ నాలుగు గంటల్లో ఏం చదవాలి? పదకొండు పుస్తకం ముందేసుకుని మొదటి పేజీ నించి బట్టీ కొట్టడం దండగ. వెనక్కి వెళ్ళాలి. భిన్నాలు, ఘాతాంకాలు, బీజగణితంలో సూత్రాలు, వర్గ సమీకరణాలు, గ్రాఫు గియ్యడం, త్రికోణమితి. ఈ ఆరూ గట్టిపడితే పదకొండులో సగం భయం పోతుంది. ఎనిమిది, తొమ్మిది, పది పుస్తకాల్లోనే ఉన్నాయవి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఫోన్‌లో ఉచితంగా దొరుకుతాయి, కొనక్కర్లేదు. ఎనిమిదో తరగతి పుస్తకం మళ్ళీ తియ్యడానికి పిల్లాడు సిగ్గుపడతాడు. సిగ్గుపడొద్దని చెప్పండి. గోడ బీటలిస్తే పైన సున్నం కొట్టరు, పునాది చూస్తారు.

పునాది అన్నాను కాబట్టి తాపీమేస్త్రులకి ఒక మాట. ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మూల సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూస్తారు? ఒకవైపు మూడడుగులు, ఇంకోవైపు నాలుగడుగులు కొలిచి, ఐమూల అయిదడుగులుంటే మూల సరిపోయినట్టు. అవునా? మీ అబ్బాయి పుస్తకంలో దాన్నే పైథాగరస్ సిద్ధాంతం అంటారు. మూడు మూళ్ళు తొమ్మిది, నాలుగు నాలుగులు పదహారు, కలిపితే ఇరవై అయిదు, అంటే అయిదు అయిదులు. వాణ్ణి ఒకరోజు పనికి తీసుకెళ్ళి ఆ తాడు చివర పట్టుకోమనండి. త్రికోణమితి అంటే బెదిరే పిల్లని కొబ్బరిచెట్టు దగ్గరకి తీసుకెళ్ళండి. మీటరు కర్ర నిలబెడితే నీడ మీటరూపావు పడింది. అదే టైములో చెట్టు నీడ పదిహేను మీటర్లు. చెట్టెత్తు ఎంత? ఎక్కకుండా చెప్పొచ్చు, పన్నెండు మీటర్లు. త్రికోణమితి మొదలయ్యేది అక్కడే.

చెరువుల మీద పనిచేసేవాళ్ళు రోజూ పీహెచ్ అంటారు, ఉప్పుశాతం అంటారు, ఆక్సిజన్ పడిపోయిందంటారు, అర్ధరాత్రి లేచి ఏరియేటర్లు వేస్తారు. పీహెచ్ 7 నించి 8 అయితే ఒక్క అంకె పెరిగినట్టుంటుంది, కానీ లోపల తేడా పదింతలు. ఎందుకలాగ? అది పదకొండో తరగతి రసాయనశాస్త్రంలో పాఠం. మీ పిల్లాడు ఆ పాఠం చదివి మీకు చెప్పాలి. మన పనిలో చదువు లేదని చెప్పినవాళ్ళు మన పనీ చూళ్ళేదు, చదువూ సరిగ్గా చూళ్ళేదు.

ఇంగ్లీషు సంగతి. యానాంకి ఇది కొత్త గొడవ కాదు, 1954 దాకా ఇక్కడ సర్కారు భాష ఫ్రెంచి. ఏ దొర వచ్చినా మన నోటి భాష కానిదే పుస్తకంలో పెడుతున్నాడు. ఒక నోటుబుక్కు కొనివ్వండి. ఎడం పక్క పాఠంలో వచ్చిన ఇంగ్లీషు మాట, కుడిపక్క తెలుగులో దాని అర్థం పిల్లాడి సొంతమాటల్లో. రోజుకి పది. రెండు నెలల్లో ఆరొందలు. జూన్‌లో మేష్టరు నోటెంట వచ్చే మాటలు సగమన్నా చెవికి పరిచయమవుతాయి.

మరి చదువు రాని అమ్మ పనేంటి? మొదటిది, లెక్కపెట్టడం. ఇవాళ్టి తారీకు వేశాడా, దాని కింద ఎన్ని లెక్కలు చేశాడు? అంకెలు తెలిస్తే చాలు. ఖాళీ పేజీ ఖాళీగా ఉందని తెలుసుకోడానికి చదువక్కర్లేదు. రెండోది, చెప్పించుకోవడం. అన్నం వడ్డిస్తూ, "ఇవాళేం చదివావురా, నాకు తెలిసేలా చెప్పు" అనండి. తెలుగులో అమ్మకి చెప్పగలిగాడంటే వాడికి అర్థమైనట్టు. నీళ్ళు నమిలాడంటే మేష్టర్ని అడిగి రమ్మనండి. కోప్పడకండి. మన ఇళ్ళల్లో తప్పు చెబితే దెబ్బ, చెప్పకపోతే దెబ్బ లేదు. అందుకే పిల్లలు మాట్లాడ్డం మానేస్తారు.

ఆడపిల్ల సంగతి విడిగా చెప్పాలి. పరీక్ష రేపనగా తమ్ముడికి కాఫీ కలిపిచ్చేది ఎవరు? అక్క. అక్కకి కూడా రేపే పరీక్ష. నీళ్ళు, అంట్లు, చీపురు, చంటిపిల్ల, అన్నీ అయ్యాక తొమ్మిదిన్నరకి పుస్తకం తీస్తే నిద్రొస్తుంది. అప్పుడు "దానికి చదువు మీద ధ్యాస లేదు, సంబంధం చూద్దాం" అంటాం. పై కులాలవాళ్ళు మనల్ని పనికి పుట్టినవాళ్ళన్నారని పోట్లాడుతున్నాం కదా. మన ఇంట్లో మన కూతుర్ని మనం అంటున్నదేంటి? తమ్ముడి చేత అంట్లు తోమించండి. చేతులు అరిగిపోవు.

అన్నలకి ఒక మాట, కోపం తెచ్చుకోకుండా వినండి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి యానాం అంటే బ్రాందీ షాపులే గుర్తొస్తాయి. పన్ను తక్కువ, సరుకు చవక. ఆ చవక వల్ల ఎక్కువ నష్టపోయింది ఎవరో వీధిలో నిలబడి చూస్తే తెలుస్తుంది. మీరు తాగి ఇంటికొచ్చే ఆ గంటే పిల్లాడు పుస్తకం తీసే గంట. గొడవ అరగంటే, కానీ ఆ రాత్రంతా వాడి చదువు పోతుంది. రాంజీగారు రెండింటిదాకా మేలుకుని కూర్చున్నది ఎందుకో గుర్తు తెచ్చుకోండి.

కాగితాల సంగతి గబగబా చెప్పేస్తాను. కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు ఇప్పుడే తీసిపెట్టుకోండి. జూన్‌లో పరిగెత్తితే దొరకవు. ఎస్సీ పిల్లలకి పది తరవాత చదువుకి స్కాలర్‌షిప్పు ఉంది, ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. ఎనిమిదో తరగతిలో ఉన్నవాళ్ళకి మెరిట్ స్కాలర్‌షిప్పు పరీక్ష ఉంది, ఎన్‌ఎంఎంఎస్ అంటారు. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడి పిల్లలే రాయాలి. నెగ్గితే తొమ్మిది నించి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. వారధి దాటితే రాష్ట్రం మారుతుందని మర్చిపోకండి. పుదుచ్చేరి ఎస్సీ జాబితా 1964 ఉత్తర్వులోది, మాల, మాదిగ, ఆది ఆంధ్ర అందులో ఉన్నాయి. ఆంధ్ర జాబితా వేరు. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు అనే ఎస్టీ కుర్రాడు చిన్నప్పుడే తండ్రి ఉద్యోగం వెంట బొంబాయి వెళ్ళాడు, అక్కడ డాక్టరు సీటు అడిగితే నీ సర్టిఫికెట్టు ఇక్కడ చెల్లదన్నారు. 1990లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే అంది. కాబట్టి మీ సర్టిఫికెట్టు ఏ గట్టుదో ముందే తేల్చుకోండి.

ఇంకోటి. అప్పు చేసి మరీ పిల్లాణ్ణి కాకినాడ ప్రైవేటు కాలేజీలో వేసేముందు ఆగండి. పుదుచ్చేరిలో 2023 నించి ప్రభుత్వ బళ్ళలో చదివిన పిల్లలకి ఎంబీబీఎస్ సీట్లలో 10 శాతం విడిగా పెట్టారు. బడి మారిస్తే అది పోతుందేమో కనుక్కోండి. లక్షలు పోసి ఉన్న వాటా పోగొట్టుకోవడం ఏం తెలివి? సర్కారు బడి బాగాలేదంటే, బాగు చెయ్యమని అడిగే హక్కు మనకుంది. లెక్కల మేష్టరు ఖాళీ ఉంటే పదిమంది తల్లులు కలిసి బడి ముందు కూర్చుంటే ఆ సంగతి పుదుచ్చేరి దాకా వినపడుతుంది. ఎనిమిది వందల కిలోమీటర్ల పైన ఉంది కాబట్టి కొంచెం గట్టిగా అడగాలి.

ఆఖరికి, ఇదంతా ఒక్క ఇంట్లో అయ్యే పని కాదు. ఇంట్లో చోటు లేదు, లైటు లేదు, పక్కింట్లో టీవీ. కమ్యూనిటీ హాలుంది, చర్చి ఉంది. రాత్రి ఏడు నించి తొమ్మిదిన్నర దాకా ఒక లైటు, రెండు చాపలు. పిల్లలు ఆరుగురున్నా చాలు, ఒకళ్ళకి రాంది ఇంకొకళ్ళకి వస్తుంది. డిగ్రీ చదువుతున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు వారానికో రోజు కూర్చుంటామని నలుగురు ఇప్పటికే పేర్లిచ్చారు. పెద్దవాళ్ళు వంతులవారీగా రోజుకొకరు అక్కడ కూర్చోండి. ఏం చెప్పక్కర్లేదు. ఆడపిల్లల్ని ఇంటికి దిగబెట్టడానికి, ఫోన్లు ఒక బుట్టలో వేయించడానికి ఒక మనిషి కావాలి.

వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి ఇక్కడే కలుద్దాం. తొమ్మిదో తరగతి పిల్లలున్నవాళ్ళు పిల్లల లెక్కల నోటుబుక్కు తీసుకురండి. ఖాళీగా ఉన్నా తీసుకురండి. పదో తరగతివాళ్ళు బడిలో అడిగి రండి, స్టాండర్డా, బేసికా అని.

జై భీమ్.